శనివారం బల్ల

మీరు శనివారం నాడు ఇనుము కొని ఎన్నాళ్లయింది?

తప్పించుకోకండి. దేవుణ్ని నమ్ముతారా, జాతకం చూపించుకుంటారా అని నేను అడగడం లేదు. ఒక మేకు, ఒక తాళంకప్ప, ఒక పెనం, పొలానికి ఒక పార. ఎప్పుడైనా శనివారం పూట దుకాణానికి పోయి కొని, సంచిలో వేసుకొని, గడప దాటించి ఇంట్లోకి తెచ్చారా? "పట్టింపేం లేదు గని, రేపు తెచ్చుకుంటే పాయె" అని చాలామంది నాకు జవాబిచ్చారు. పట్టింపు లేనివాళ్లు రేపటిదాకా ఎందుకు ఆగుతారో వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఒక బల్ల దగ్గర దొరికింది.

కరీంనగర్ దాటి చొప్పదండి పోయే తోవలో మా మేనల్లుడికి రేకుల షెడ్డు ఒకటుంది. అరిగిపోయిన మిషను సామాన్లకు అక్కడ లేజరుతో మళ్లీ మందం ఎక్కిస్తారు. నేను శ్రీరాంపూర్ బొగ్గుబావుల వర్క్‌షాపులో లేతు మీద పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చొని గోడలతో వాదం పెట్టుకుంటున్నానని మా అక్క నన్ను తెచ్చి కొడుకు షెడ్డులో పడేసింది. వచ్చిన సామాను కొలవడం, తయారైన సామాను మళ్లీ కొలవడం, ఇదే నా పని. మోకాళ్లు నిలబడనివ్వవు కనక ఎత్తు స్టూలు మీద కూర్చొని కొలుస్తాను.

పనేమిటో చెబుతాను, అర్థం కానిదేమీ కాదు. తిరిగే మిషనులో షాఫ్టు అనే ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని బేరింగు పట్టుకొని ఉంటుంది. కొన్నాళ్లకు బేరింగు కూర్చునే చోట షాఫ్టు అరిగి సన్నబడుతుంది. వెంట్రుకవాసి వదులైనా చాలు, మిషను అరవడం మొదలుపెడుతుంది. వెనక అయితే ఆ చోట వెల్డింగు పోసేవాళ్లు. ఆ వేడికి కడ్డీ మొత్తం వంకర తిరిగేది. ఒక జబ్బు పోయి ఇంకో జబ్బు వచ్చేది. లేజరు అట్లా కాదు. ఆ వెలుగు గోరంత కూడా లేని చోటును మాత్రమే కరిగిస్తుంది. కరిగిన ఆ చుక్కలోకి సన్నని గొట్టంలోంచి లోహపు పొడి వచ్చి పడుతుంది. గాలి తగిలి చెడిపోకుండా చుట్టూ ఒక గ్యాసు ఊదుతూ ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంది, వెలుగు జరుగుతుంది, పొర మీద పొర పడుతుంది. పక్కనున్న ఇనుముకు పెద్దగా వేడి తెలియదు కనక వంకరపోదు. ఆ తర్వాత గ్రైండింగు మిషను మీద పెట్టి కొలతకు తెస్తారు. నేను కొలుస్తాను. సరిపోతే నూనె పూసి, కాగితం చుట్టి, తలుపు పక్కనున్న బల్ల మీద పెడతాం.

వారమంతా ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. పొద్దున తెచ్చిన సామాను సాయంత్రానికి కావాలని మనుషులు మా నెత్తి మీద కూర్చుంటారు. శనివారం మాత్రం బల్ల నిండుతుంది. రైసు మిల్లు రోలరు, గ్రానైటు కోసే మిషను స్పిండిలు, ఖానాపూర్ నుంచి వచ్చిన పంపు షాఫ్టు, అన్నీ తయారై వరసగా పడుకొని ఉంటాయి. ఫోను చేస్తే, "రేపొస్తం సారు, ఇయ్యాల జర పనున్నది" అంటారు. శని పేరు ఒక్కడూ ఎత్తడు. షెడ్డులో అందరూ దాన్ని శనివారం బల్ల అంటారు.

"మామా, శని దేవునికి ఇనుమంటే ఇష్టమట, నూనె అంటే పానమట," అంటాడు మా మేనల్లుడు. "మన దగ్గర రెండున్నయి. గాయన ఒక్కపారి సుత రాలే. ఉన్న గిరాకీని ఆపుడే గాయన పని."

వాడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. బొగ్గుబావిలో పంపు షాఫ్టు విరిగితే ఏ వారమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. శనివారాలు కూడా నీళ్లు ఊరతాయి. కొత్త షాఫ్టు భుజాన పెట్టుకొని నుదుట బొట్టున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసే కిందికి దిగేవాళ్లం. అదే మనిషి ఇంటికి పోయేటప్పుడు శనివారం ఒక గొడ్డలి కొనడు. కంపెనీ ఇనుముకు శని లేడు, సొంత ఇనుముకు ఉన్నాడు! ఈ మాట మీద కార్మికుల రీడింగు రూములో ఎన్నో సాయంత్రాలు వాదాలు చేశాం. ఓడినవాడు అందరికీ చాయి తాగించాలని కట్టుబాటు ఉండేది. చాయి బాగానే తాగాను. చాయి తాగించినవాళ్లు మళ్లీ శనివారం వస్తే గొడ్డలి కొనకుండానే ఇంటికి పోయారు.

ఒక ఏడు ఎండాకాలంలో యాసంగి వరి కోతల మీద ఉన్నప్పుడు చొప్పదండి అవతలి పల్లె నుంచి ఒక హార్వెస్టరు మనిషి వచ్చాడు. దుబాయిలో పెద్ద మిషన్లు నడిపి తిరిగొచ్చి, ఆ కష్టంతో వరికోత మిషను కొనుక్కున్నవాడు. వడ్లు నూర్చే డ్రమ్ము షాఫ్టును గోనెసంచిలో చుట్టి, ట్రాలీ ఆటోలో పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. అది శుక్రవారం.

"కొత్తది కావాల్నంటే పంజాబుకెల్లి రావాలె సారు. గది వచ్చేటాల్లకు వరి మీదనే వడ్లు మొలకెత్తుతయి."

"ఇంకా ఎవరిది కొయ్యాలె?" అని అడిగాను.

"మాదే. మా అవ్వ పేరు మీదున్న మడి. ఊరోళ్లయి అన్నీ అయిపోయినయి."

"నీ మిషను పెట్టుకొని నీ పొలం ఆఖరుకా?"

"ముందుగల మాది కోసుకుంటే ఊకుంటరా సారు? మిషను తెచ్చుకున్నడు, కండ్లు నెత్తికెక్కినయి అంటరు. అందరిదీ అయినంక మడిలకు దించిన. దించుడుతోనే డ్రమ్ము కాడ ఒకటే మొత్తుకుంటది."

కొలిచాను. బేరింగు చోట బాగానే అరిగింది. మా మేనల్లుడు పొడి డబ్బా మూత తీస్తుంటే ఆ మనిషి వంగి చూశాడు.

"గింత సన్నగున్నది! మా అవ్వ పట్టించిన పసుపు సుత గింత మెత్తగుండది."

"తుమ్మకు అన్నా," అన్నాడు మేనల్లుడు. "తుమ్మితే నీ షాఫ్టు నీ ముక్కులుంటది."

శనివారం పొద్దున లేజరు పని మొదలైంది. నల్లద్దం వెనక నుంచి అతను చూశాడు. పని నడుస్తున్నంతసేపూ వాకిట్లోకి పోయి మబ్బు చూడడం, వచ్చి వెలుగు చూడడం. గోదారి దిక్కున ఆకాశం ఇనుము రంగుకు తిరిగింది. మధ్యాహ్నానికి గ్రైండింగు కూడా అయింది. కొలిచాను. బేరింగు ఎక్కించి చూశాను, పెళ్లికూతురి వేలికి ఉంగరంలా పట్టింది. అతను షాఫ్టు భుజానికెత్తుకున్నాడు. గంటలో పోయి బిగించుకుంటే పొద్దుగూకేలోపు మడి కోత అయిపోతుంది. ఆ పాటి లెక్క అందరికీ తెలుసు.

అప్పుడు అతని ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టాడు.

"ఏమారం రా ఇయ్యాల?" తల్లి గొంతు.

"అవ్వా, మబ్బు చూసినవా?"

"మబ్బు నాకు నువ్వు చూపిస్తవా? నెత్తి మీదనే ఉన్నది. ఏమారమని అడిగిన."

"శనారం" అన్నాడు.

"ఇనుము పట్టుకొని శనారం నాడు ఊర్లె అడుగు పెడితే నా చేతి బువ్వ ముట్టకు."

అతను షాఫ్టును మెల్లగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎడారి ఎండలో పెద్ద పెద్ద యంత్రాలు నడిపొచ్చిన మనిషి, ఆ బల్ల పక్కన బడిలో తిట్లు తిన్న పిల్లాడిలా నిలబడ్డాడు.

"సారు, మీరొకసారి మాట్లాడుండ్రి. పెద్దమనుషుల మాట ఇంటది."

మా మేనల్లుడు నన్ను పక్కకు లాగాడు.

"మామా, నికెలని చెప్పు."

"ఏం నికెలు?"

"కడ్డీ వాళ్లదే, కొన్నది కాదు. పాతది ఇంటికి మర్లుతున్నది. కొత్తగ ఎక్కింది పొడి ఒక్కటే. ఆ పొడి నికెల్‌ది, ఇనుము కాదని చెప్పు. శనికి నికెల్ తోని ఏం పని? అయిపాయె."

వాడు మా రీడింగు రూములో పుట్టి ఉంటే నా చేత రోజూ అందరికీ చాయి ఇప్పించేవాడు. నికెల్ పొడి మా దగ్గర ఉన్నమాట నిజమే. కొన్ని పనులకు అదే వాడతాం. కానీ ఈ షాఫ్టుకు ఎక్కించింది ఇనుపజాతి పొడి. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను ఆపింది అది అబద్ధమవడం ఒక్కటే కాదు. అది నిజంగా నికెలే అయినా నేను ఆగేవాణ్ని. ఎదుటివాడి పంచాంగంతోనే ఎదుటివాణ్ని ఓడించడం మన సంస్కర్తలకు పాత అలవాటు. వితంతువుకు పెళ్లి చేయడానికి కూడా ముందు శాస్త్రం ఒప్పుకుందని చూపించారు. పెళ్లి జరిగింది, మంచిదే. పక్కనే శాస్త్రమూ బతికిపోయింది, రేపు ఇంకో ఆడపిల్లకు అడ్డం పడడానికి. శనికి నికెల్ మీద అధికారం లేదని నేనంటే, ఇనుము మీద ఉందని నా నోటితో ఒప్పుకున్నట్టే కదా. వయసులో ఉన్నప్పుడైతే ఈ మాట మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఆ మధ్యాహ్నం ఉపన్యాసం రాలేదు. మబ్బు వైపే చూస్తూ ఫోను తీసుకున్నాను.

"అక్కా, షాఫ్టు తయారైంది. నేనే కొలిచిన. పంపిస్త, మడి కోయించుకో."

"రేపు పొద్దుగాల తెస్తడు తమ్మీ."

"రేపటికి వాన ఆగుతదా?"

"ఆగదు," అంది ఆమె. అంత నిమ్మళంగా అనడం నాకు తట్టుకోవడం కష్టమైంది. "ఆగదని నాకు తెల్వదా? మడి గట్టు మీదనే కూసున్న."

"మరి ఎందుకక్కా గీ మొండితనం?"

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె చెప్పింది. పెనిమిటి ఒక శనివారం కొత్త మోటరు కొని తెచ్చాడు. వద్దన్నది, వినలేదు. తెల్లారి మడికి నీళ్లు పెడదామని తడిచేత్తో స్టార్టరు డబ్బా ముట్టుకున్నాడు. అక్కడే పడిపోయాడు.

"అక్కా, మనిషిని తీసుకపోయింది కరెంటు. డబ్బాకు ఎర్తు లేక పోయిండు. వారం ఏం చేస్తది?"

"కరెంటు ఏమారమన్న కొడ్తది తమ్మీ, గంత తెల్వనిదాన్నా? గని కరెంటు నా చేతులున్నదా? తీగలు నా చేతులున్నయా? నా చేతులున్నది శనారం ఒక్కటే. గా దినం నేను గట్టిగ ఆపితే బతికేటోడు అనుకుంట. గిప్పుడు కొడుకునన్న ఆపుతున్న."

ఇన్నేళ్ల వాదాల్లో ఈ వాదం నాకెవరూ ఎదురు పెట్టలేదు. ఇది గ్రహాల సంగతి కాదు. చేతిలో ఏమీ లేని మనిషి చేతిలోకి ఏదో ఒకటి తెచ్చుకోవడం. వాదంలో గెలవడానికి కాక, తెలుసుకుందామనే అడిగాను:

"అక్కా, ఇప్పుడున్న స్టార్టరుకు ఎర్తు ఉన్నదా?"

"ఎర్తంటే?"

డబ్బాకు తప్పి వచ్చిన కరెంటును భూమిలోకి దించేసే తీగ అని చెప్పాను, లేదంది. ఆమె ఇన్నేళ్లుగా ఒక్క శనివారం తప్పకుండా కాపలా కాసింది. ఆయన్ను చంపిన డబ్బా మాత్రం అదే గట్టు మీద, అట్లాగే ఉంది. రోజూ కొడుకు దాన్నే ముట్టుకుంటున్నాడు. సోమవారం ముట్టుకుంటున్నాడు, మంగళవారం ముట్టుకుంటున్నాడు. మన మూఢనమ్మకాల మీద నాకున్న కోపం అవి తప్పయినందుకే కాదు. మనలోని భయాన్ని, మనలోని ప్రేమను, మనలోని జాగ్రత్తనంతా అవి తాగేస్తాయి. అసలు చోటికి ఒక్క చుక్క మిగలనివ్వవు.

"షాఫ్టు ఇనుముదేనా?" అని ఆమే అడిగింది.

మేనల్లుడు నా ముఖంలోకి చూశాడు. ఆమె కొడుకూ చూశాడు, నికెల్ మాట అతని చెవినా పడింది.

"ఇనుముదే అక్కా."

"అయితే రేపే," అని ఫోను పెట్టేసింది.

కొడుకు పోలేదు. పోయి ఏం చేస్తాడు? షెడ్డు వాకిట్లో సిగరెట్టు వెలిగించుకొని నిలబడ్డాడు. దీపాల వేళకు గాలి లేచింది. మొదట దుమ్ము, తర్వాత పెద్ద చినుకులు, ఆ తర్వాత మా రేకుల మీద రాళ్లు. రాళ్లవాన పడుతుంటే రేకుల షెడ్డులో మనిషికి మనిషి మాట వినపడదు. అది ఆ సాయంత్రం మా ముగ్గురికీ మేలే చేసింది. బల్ల మీద, కాగితంలో చుట్టిన షాఫ్టు హాయిగా పొడిగా పడుకొని ఉంది.

వాన తెరిపిచ్చాక మేనల్లుడు అన్నాడు, "ఒక్క మాట మామా. ఒక్కటంటే ఒక్క మాట అబద్ధమాడితే వడ్లు దక్కునుగద."

వాడు అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. కాకపోతే ఆ రోజుకు వడ్లు దక్కేవి, శనివారమూ దక్కేది. ఆ డబ్బా ఊసు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆదివారం అతని ట్రాలీ ఆటోలో నేనూ ఎక్కాను. షాఫ్టు పక్కన ఒక ఇనుప గొట్టం, కొంత తీగ, ఒక బస్తా కట్టెబొగ్గు, ఉప్పు వేయించాను. బతుకంతా బొగ్గుతోనే గడిచింది, ఇంకో బస్తా ఎక్కువేం కాదనుకున్నాను. వాళ్ల ఊళ్లో కరెంటు పని తెలిసిన మనిషిని వెంట పిలుచుకున్నాం.

మడి మీద పరిచిన చాపలా పడి ఉంది వరి. గింజలు సగం బురదలో రాలిపోయాయి. రాలినవి ఏరుకోవడానికి పావురాలు అప్పుడే దిగాయి. ఆమె గట్టు మీద నిలబడి ఉంది. వయసులో నాకంటే పెద్దది. చిన్న మనిషి, తలకు తువాల చుట్టుకొని. ఏడవడం లేదు. నన్ను చూసి ముందు చెప్పులు విడవమంది, బురదలో ఊడిపోతాయని.

కొడుకు షాఫ్టు బిగించుకుంటూ ఉన్నాడు. ఆమె నా దగ్గరకు వచ్చి అంది:

"నిన్న ఏదో నికెలట గద. మావోడు చెప్పిండు."

"గది నిజం కాదక్కా."

"కాకుంటే మానె. గట్లన్న అనకపోయినవా తమ్మీ? నేను ఒప్పుకుందును."

నేను ఆ మాటను మోసుకొనే తిరుగుతున్నాను. ఆమె నా దగ్గర నిజం కోరలేదు. తన కట్టు తెంచకుండా తను బయటపడే సందు ఒకటి కోరింది. ఎంతో మంది అట్లాంటి సందు కోసమే ఎదురుచూస్తూ ఉంటారేమో. మనం వాళ్లకు వాదం ఇస్తాం. లేదంటే అబద్ధం ఇస్తాం. వాళ్ల పక్కన నిలబడి ఇనుము పట్టుకొని గడప దాటేవాణ్ని మాత్రం ఇవ్వం.

కరెంటు బందు చేయించి, స్టార్టరు పక్కన గుంత తవ్వించాం. గొట్టం నిలబెట్టి, చుట్టూ తడి నిలిచేట్టు బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశాం. వచ్చిన మనిషి గొట్టం నుంచి మోటరుకూ డబ్బాకూ తీగ బిగించాడు. ఆమె బిందెతో నీళ్లు తెచ్చి గుంతలో పోస్తూ అడిగింది:

"గిది సుత ఇనుమేనా?"

"ఇనుమే అక్కా."

"ఇయ్యాల ఐతారం. ఏంగాదు," అంది. నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. ఆ వెనకే హార్వెస్టరు స్టార్టయింది. డ్రమ్ము అరవలేదు. మా పని బాగానే ఉంది. పడిపోయిన వరిలోంచి దక్కినంత దక్కించుకుంటూ మిషను బురదలో మెల్లగా కదిలింది. ఆమె దాని వెనకాలే నడిచింది, రాలిన గింజలను చూసుకుంటూ.

ఎర్తు పడింది, అది చిన్న సంగతి కాదు. కానీ ఆదివారం పడింది. శనివారం తన కుర్చీలో తాను అట్లాగే కూర్చొని ఉంది. మొన్న శనివారం కూడా మా బల్ల నిండే ఉంది. నాకు అలసటగా ఉంది. వాదించే ఓపిక ఇక ఎక్కువ లేదు. అందుకే మీకు వాదం కాదు, ఒక పని అప్పజెబుతున్నాను.

వచ్చే శనివారం లేవండి. దుకాణానికి పోయి ఒక ఇనుప ఎర్తు గొట్టం కొనండి. ఆదివారానికి వాయిదా వేయకండి, అది నికెలని ఎవరికీ చెప్పకండి. మీ అమ్మ చూస్తుండగా దాన్ని భుజాన పెట్టుకొని గడప దాటించండి. ఆమె భయపడితే చేయి పట్టుకొని వెంట తీసుకుపోండి. కరెంటు బందు చేయించి, పని తెలిసినవాణ్ని పిలిచి, మీ మోటరు డబ్బా పక్కన అదే రోజు పాతించండి. ఆదివారం పొద్దున మీరు బతికే ఉన్నారని ఆమె కళ్లతో ఆమెను చూడనివ్వండి.